58 పైసల వడ్డీ కన్నా 88 పైసల వడ్డీయే చౌక!

కడియం: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెంటి పక్కన బండి కొని చూడు అన్న మాట కూడా చేర్చాలంటున్నారు కడియపులంకకు చెందిన ఒక డ్రైవరు దంపతులు. పదకొండేళ్లు పరాయి బండి తోలిన ఆ డ్రైవరు ఈ ఏడాది, అంటే 2026 జనవరిలో, రథసప్తమి నాడు సొంత పికప్ వ్యాను తాళం చెవి అందుకున్నాడు. షోరూములో అడుగు పెట్టిన నాటి నుంచి ఆ తాళం చెవి చేతికి వచ్చే దాకా అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాల్లో వారు మిగుల్చుకున్నది లక్షకు నూరు రూపాయలు తక్కువ. అందులో బండి ధర మీద బేరమాడి తగ్గించుకున్నది రూ. 22 వేలు మాత్రమే. మిగతాదంతా కాగితాల మీద గెలిచిన బేరం!

మొక్కల ఊళ్లో బండి లేనిదే పని లేదు

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక పరిసరాల్లో ఎటు చూసినా నర్సరీలే. ఇక్కడి పూల మొక్కలు, పండ్ల మొక్కలు, అలంకరణ మొక్కలు రాష్ట్రంలోని అన్ని మూలలకే కాక ఇతర రాష్ట్రాలకూ వెళతాయి. దూరప్రాంతాలకు లారీలు వెళతాయి. కానీ ఒక ఇంటి తోటకో, కొత్త లేఅవుటుకో, బడి ఆవరణకో కావలసిన రెండు మూడు వందల మొక్కలకు లారీ దండగ. అలాంటి కిరాయిలన్నీ చిన్న వ్యాన్లవే.

చిన్న సరుకు బండ్ల కథ తెలుగువారికి కొత్తది కాదు. 1980ల దశకంలో జహీరాబాదులో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను నిస్సాన్ సహకారంతో తేలిక రకం ట్రక్కులు తయారు చేసింది. అయితే మామూలు డ్రైవరుకు నాలుగు చక్రాల సొంత బండి అందుబాటులోకి వచ్చింది 2005లో టాటా ఏస్ రావడంతోనే. ఆ తర్వాత అన్ని కంపెనీలూ ఆ దారి పట్టాయి. నర్సరీల ఊళ్లలో ఒకనాటి జీతగాళ్లు ఎందరో తమ బండికి తామే యజమానులయ్యారు.

ఈ డ్రైవరు కోరికా అదే. అతను తోలే బండి ఒక నర్సరీ యజమానిది. జీతం నెల తిరిగేసరికి వస్తుంది. కిరాయి ఎంత వచ్చినా అందులో మార్పు లేదు. పెద్దబ్బాయి ఇంటర్మీడియటులోకి వచ్చాడు. ఇంకో మూడేళ్లు ఆగితే చదువు ఖర్చులకే సరిపోతుంది, బండి మాట మరచిపోవలసిందేనని భార్య అన్నది. ఆమె ఊళ్లో డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం రాస్తుంది. ఇంట్లో కూడబెట్టినది లక్షన్నర. దానికి తోడు నాలుగు కాసుల గొలుసు, రెండు జతల గాజులు తాకట్టు పెడదామని ఆమే బయటకు తీసింది. "ఇవి పోతే మళ్లీ కొనగలమో లేదో. అందుకే లెక్క తప్పకూడదు" అన్నది ఆమె.

శూన్యమాసంలో షోరూముకు

2025 డిసెంబరు నాలుగో వారంలో ఇద్దరూ రాజమహేంద్రవరంలోని ఒక షోరూముకు బయల్దేరారు. అత్తగారు అడ్డుపడింది. "పుష్యమాసంలో ఇనుము ఇంటికి తెస్తారా?" అని ఆమె అభ్యంతరం. "తేవడం లేదత్తయ్యా, ధర కనుక్కుని వస్తాం. తెచ్చేది మాఘంలోనే" అని కోడలు నచ్చజెప్పింది.

శూన్యమాసం అని జనం వెనుకాడే రోజుల్లో షోరూములు బోసిగా ఉంటాయి. పైగా అది సంవత్సరాంతం. జనవరి ఒకటి దాటితే డిసెంబరులో ఉన్న బండి "పోయిన ఏటిది" అయిపోతుంది. నెలాఖరుకు ఇన్ని బండ్లు అమ్మాలన్న లెక్క అమ్మకందారు మెడ మీద ఉంటుంది. పెళ్లిళ్ల ముహూర్తాల్లో కొనబోతే కొరివిగా ఉండే ధర, ఈ రోజుల్లో కొంత చల్లబడుతుంది. ఈ సంగతి డ్రైవరుకు తెలుసు. నర్సరీ యజమాని రెండు బండ్లు కొన్నప్పుడు వెంట వెళ్లింది అతనే.

ఏ బండి కావాలో వారు ముందే తేల్చుకున్నారు. అమ్మకందారు మాత్రం పెద్ద బండి చూపించాడు. "ఇంకో లక్ష వేసుకుంటే నాలుగు వందల కిలోలు అదనంగా మోస్తుందండి" అన్నాడు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు అక్కర్లేదు. ఆ గీత దాటితే పర్మిటు కావాలి, దానిని ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి. మొక్కల కిరాయిలో బండి తొట్టి నిండుతుందే గాని బరువు నిండడం తక్కువ. అందువల్ల గీత లోపలి బండి చాలునని అతని నిర్ణయం.

ప్రభుత్వం తగ్గించింది షోరూము ఖాతాలో!

అమ్మకందారు కొటేషను రాసి ఇచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో "మీకు ప్రత్యేక తగ్గింపు రూ. 82,500" అని ఉంది. డ్రైవరు ముఖం వికసించింది. భార్య మాత్రం కాగితాన్ని చేతిలోకి తీసుకుని "ఇదెలా వచ్చిందండి?" అని అడిగింది.

విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ బండికి పన్ను లేని ధర రూ. 7,25,000. సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత లెక్కలో బండి ధర రూ. 9,28,000. కొత్త లెక్కలో రూ. 8,55,500. తేడా రూ. 72,500. అది ప్రభుత్వం తగ్గించిన పన్ను. ఏ షోరూముకు వెళ్లినా వచ్చేదే. షోరూము తన చేతి నుంచి ఇచ్చింది రూ. 10,000 మాత్రమే. "గోదారి నీళ్లు చెంబుతో ముంచి, మా పెరటి బావివే తాగండన్నట్టు ఉంది" అన్నాడు డ్రైవరు. అమ్మకందారు కూడా నవ్వేశాడు. బేరం అక్కడి నుంచి దారిన పడింది.

కొటేషనులో మరి మూడు వరుసలు ఉన్నాయి. బీమా రూ. 46,800. అలంకరణ సామగ్రి రూ. 18,000. హ్యాండ్లింగు ఛార్జీ రూ. 7,500. రిజిస్ట్రేషను, రవాణా పన్ను వేరు. పన్నుల్లో బేరం ఉండదు. మిగతా మూడింట్లో ఉంటుందని చాలామంది కొనుగోలుదార్లకు తెలియదు.

హ్యాండ్లింగు ఛార్జీ ప్రభుత్వానికి చెల్లేది కాదు. "దీనికి రసీదు ఏ పేరుతో ఇస్తారండి?" అని ఆమె అడిగింది. అమ్మకందారు మేనేజరు గదిలోకి వెళ్లి వచ్చాడు. ఆ వరుస కొట్టివేశారు. అలంకరణ సామగ్రి అంటే సీటు కవర్లు, అద్దాలకు మెరుపు పట్టీలు, చక్రాలకు మూతలు. మొక్కల బండికి కావలసింది టార్పాలిను, తాళ్లు, కాళ్ల కింద మ్యాట్లు. అవి బజారులో రూ. 6,200కు దొరికాయి.

బీమా దగ్గర కొంచెం పట్టు బిగిసింది. "మా దగ్గర చేయించకపోతే ప్రమాదం జరిగినప్పుడు మీరే తిరగాలి" అని బెదిరించినంత పని చేశారు. నిజానికి ఏ కంపెనీ బీమా తీసుకోవాలన్నది కొనేవాని ఇష్టం. షోరూముల ద్వారా బీమా అమ్మకంపై బీమా నియంత్రణ సంస్థ 2017లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ బలవంతం కూడదంటాయి. మూడో వ్యక్తికి జరిగే నష్టానికి కట్టవలసిన ప్రీమియంను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ నాటి పట్టికలో 7,500 కిలోల లోపు సరుకు బండికి అది రూ. 16,049. దాని మీద బేరం లేదు. బండికి జరిగే నష్టం తాలూకు భాగంలోనే కంపెనీకీ కంపెనీకీ తేడా. డ్రైవరు బయట రెండు చోట్ల విచారించాడు. బండి విలువను తగ్గించి చూపి ప్రీమియం తగ్గించే ఎత్తు కూడా ఉన్నదని తెలిసి, కొత్త బండికి ధరలో 95 శాతం విలువ కట్టిన పత్రమే కావాలన్నాడు. అదే విలువకు బయట రూ. 37,900 అయింది. ఆదా రూ. 8,900.

కుర్చీ లోంచి లేచిన వేళ

అసలు చిక్కు అప్పు దగ్గర వచ్చింది. షోరూములోనే ఒక మూల ఫైనాన్సు కంపెనీ ప్రతినిధి బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఏడు లక్షలు అప్పు, నాలుగేళ్ల గడువు, వడ్డీ ఏడాదికి 7 శాతం "ఫ్లాట్". నెలకు వాయిదా రూ. 18,667. "గంటలో మంజూరు చేస్తానండి. నూటికి నెలకు 58 పైసలు పడుతుంది. ఊళ్లో ఎవరిస్తారు?" అన్నాడు.

నిజమే. ఊళ్లో రూపాయి వడ్డీ అంటే దయగల అప్పు. రెండు రూపాయలు మామూలు. 58 పైసలంటే ఉచితంగా ఇచ్చినట్టే లెక్క. డ్రైవరు సంతకం పెట్టడానికి కలం తీశాడు.

భార్య తన లెక్కల పుస్తకం తెరిచింది. సంఘంలో అప్పు తీసుకున్నవారు అసలు కట్టే కొద్దీ మిగిలిన అసలు మీదనే వడ్డీ రాయడం ఆమెకు అలవాటు. "చివరి నెలలో మా దగ్గర మీ అసలు ఎంత ఉంటుందండి?" అని అడిగింది. ప్రతినిధి లెక్క చెప్పాడు: రూ. 14,583. "ఆ నెల వడ్డీ?" రూ. 4,083. ఆమె కాసేపు ఆ రెండంకెలనూ చూసింది. "పద్నాలుగు వేల అయిదు వందలకు ఒక్క నెలకు నాలుగు వేల వడ్డీనా? నూటికి 28 రూపాయలు పడింది కదండీ!"

ఫ్లాటు వడ్డీలోని మర్మం అదే. తీర్చేసిన అసలు మీద కూడా ఆఖరి నెల దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. ఏడు లక్షలకు నాలుగేళ్ల వడ్డీ రూ. 1,96,000. దానిని మిగిలిన అసలు మీద వేసే లెక్కలోకి మారిస్తే ఏడాదికి దాదాపు 12.7 శాతం. అంటే 58 పైసలని చెప్పిన వడ్డీ అసలు విలువ దాదాపు రూపాయి ఆరు పైసలు! దానికి తోడు రుణరక్షణ బీమా పేరిట రూ. 14,000 అప్పులోంచే మినహాయించుకుంటామని చివరి పేజీలో ఉంది.

"ముఖ్య వివరాల పత్రం ఇవ్వండి, చూసుకుని వస్తాం" అన్నది ఆమె. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులకు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి పడే నికర వడ్డీ శాతాన్ని ఒకే పత్రంలో చూపాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ప్రతినిధి "మంజూరయ్యాక వస్తుందండి" అన్నాడు. ఆమె కుర్చీలోంచి లేచింది. డ్రైవరు కలం జేబులో పెట్టుకున్నాడు.

వాకిలి దాటే లోపలే మేనేజరు వెనక్కు పిలిచాడు. అప్పు సంగతి ఎలా ఉన్నా బండి ధరలో రూ. 10,000 తగ్గింపు రూ. 20,000 అయింది. డ్రైవరు బండి తయారీ నెల అడిగాడు. అక్టోబరు. "మాఘంలో ఇంటికి తెస్తే రిజిస్ట్రేషను 2026లో పడుతుంది. బండి మాత్రం 2025దే. రేపు అమ్మబోతే అడవే కదండీ" అన్నాడు. పదేళ్లు తామే వాడుకునే బండి కనుక పాత నెలదైనా వారికి నష్టం లేదు. కానీ ఆ మాట వారు పైకి అనలేదు. తగ్గింపు రూ. 32,000 దగ్గర తెగింది. జనవరిలో కంపెనీ ధర పెంచినా ఇదే ధర వర్తిస్తుందని, అప్పు మంజూరు కాకపోతే బయానా తిరిగి ఇస్తామని కొటేషను మీద రాయించి సంతకం చేయించుకున్నారు.

బ్యాంకులో మూడు వారాలు

ఆ కొటేషనుతోనే బ్యాంకుకు వెళ్లారు. ముద్ర పథకం 2015 ఏప్రిల్ 8న మొదలైంది. దాని కింద పది లక్షల దాకా ఇచ్చే అప్పుకు తనఖా ఆస్తి అడగకూడదు. సరుకు రవాణా బండి కొనుగోలుకు కూడా అది వర్తిస్తుంది. బ్యాంకు ఉద్యమ్ నమోదు పత్రం అడిగింది. ఒక ఏజెంటు అందుకు రూ. 1,500 అవుతుందన్నాడు. ఆ నమోదు పూర్తిగా ఉచితం. పెద్దబ్బాయి సెల్‌ఫోనులోనే పూర్తి చేశాడు.

బ్యాంకు చెప్పిన వడ్డీ 10.5 శాతం, మిగిలిన అసలు మీద. నూటికి నెలకు 88 పైసలు. 58 పైసలు వదులుకుని 88 పైసలకు పోతావా అని స్నేహితులు డ్రైవరును ఆట పట్టించారు. అతను జేబులోంచి చీటీ తీసి చూపించాడు. బ్యాంకు వాయిదా రూ. 17,922. ఫైనాన్సు వాయిదా రూ. 18,667. నాలుగేళ్లలో తేడా సుమారు రూ. 35,700. మినహాయించే బీమా రూ. 14,000 దీనికి అదనం. చీటీ చూసినవారిలో ఇద్దరు తమ పాత అప్పు కాగితాలు వెతుక్కోవడానికి ఇళ్లకు వెళ్లారు.

బ్యాంకు అప్పుకు మూడు వారాలు పట్టింది. నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. రెండు రోజుల కిరాయి జీతం పోయింది. గంటలో ఇచ్చే అప్పుకూ, మూడు వారాల్లో ఇచ్చే అప్పుకూ ఉన్న తేడాకు దాదాపు యాభై వేలు ధర అని వారు లెక్క కట్టుకున్నారు. పుష్యమాసం వారికి ఆ విధంగా కలిసి వచ్చింది. ఎటూ బండి తేకూడని రోజులే కనుక తొందరపెట్టినవారు లేరు.

తాళం చెవికి ముందు

బండి అప్పగించే ముందు రోజు డ్రైవరు మళ్లీ షోరూముకు వెళ్లాడు. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21లోని నంబరు ఒకటేనా అని చూశాడు. తయారీదారు ఇచ్చే ఫారం 22 చూశాడు. టైర్ల అంచున ఉండే నాలుగంకెలు చదివాడు. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు ఏడాది. నాలుగు టైర్లూ ఒకే కాలానివి, స్టెపినీ మాత్రం ఏడాది పాతది. మార్పించుకున్నాడు. జాకీ, పానాలు ఉన్నాయో లేదో లెక్క పెట్టుకున్నాడు.

అప్పుడప్పుడు బండి తోలేందుకు బావమరిది ఉన్నాడు. అతనికి కారు లైసెన్సే ఉంది. "దానికి వేరే బ్యాడ్జీ కావాలి, మా మనిషి చేయిస్తాడు" అని షోరూము బయట ఒక ఏజెంటు పట్టుకున్నాడు. తేలిక రకం మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా బండిని నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ఏజెంటు ఖర్చు కూడా తప్పింది.

జనవరి 25న రథసప్తమి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, తొలి హారతి అత్తగారి చేత ఇప్పించారు. పసుపు పలక మీద నల్ల అంకెల వంక ఆమె చాలాసేపు చూస్తూ నిలబడింది. "ఇనుమైతే ఏంరా, సూర్యుడి రథం రోజున వచ్చింది" అన్నది.

లెక్కల పుస్తకంలో చివరి పేజీ ఇలా ఉంది. ధర తగ్గింపులో అదనంగా సాధించినది రూ. 22,000. బీమాలో రూ. 8,900. హ్యాండ్లింగు రూ. 7,500. సామగ్రిలో రూ. 11,800. వడ్డీలో రూ. 35,700. రుణరక్షణ బీమా రూ. 14,000. మొత్తం రూ. 99,900.

దాని కింద మరో అంకె ఎర్ర సిరాతో ఉంది: రోజుకు 600. నెల వాయిదాను ముప్ఫై రోజులకు పంచితే వచ్చే మొత్తం అది. డీజిలు, టైర్లు, ఏటా బీమా, రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ దీనికి వేరు. బండి కదిలినా కదలకపోయినా ఆ ఆరు వందలు పుడుతూనే ఉంటాయి. అందుకే పూజ అయిన మర్నాడు తెల్లవారుజామునే వ్యాను వేమగిరి వైపు బయల్దేరింది. తొలి కిరాయి మామిడి మొక్కలు.

గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. గాజులు మాత్రం ఆమె చేతికి తిరిగి వచ్చాయి.